క్షయ రోగులకు నెలకు వెయ్యి రూపాయలు: సాయం ఎవరికి, ఎలా అందుతుంది?

క్షయ వ్యాధికి మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగానే లభిస్తాయి. అయినా కొందరు రోగులు చికిత్సను మధ్యలోనే మానివేస్తున్నారు. వ్యాధి సోకిన తరువాత కూలిపనికి వెళ్లే శక్తి ఉండదు. ఆదాయం ఆగిపోతే ముందుగా తగ్గేది తిండి. తగినంత ఆహారం లేని శరీరానికి మందుల దుష్ప్రభావాలను తట్టుకోవడం కష్టం. చికిత్స మధ్యలో ఆగితే వ్యాధి తిరగబెట్టడమే కాక, మందులకు లొంగని రూపం దాల్చే ప్రమాదం కూడా ఉంది.

ఈ పరిస్థితిని దృష్టిలో ఉంచుకొని కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో నిక్షయ్ పోషణ్ యోజనను ప్రారంభించింది. తొలుత నెలకు 500 రూపాయలుగా ఉన్న సాయాన్ని 2024 నవంబరు 1 నుంచి 1,000 రూపాయలకు పెంచారు. సాధారణంగా ఆరు నెలలు సాగే చికిత్సకు ఈ మొత్తాన్ని రెండు విడతలుగా చెల్లిస్తారు. వ్యాధి నిర్ధారణ సమయంలో 3,000 రూపాయలు, 84 రోజుల చికిత్స పూర్తయ్యాక మరో 3,000 రూపాయలు రోగి ఖాతాలో నేరుగా జమ అవుతాయి. చికిత్స ఆరు నెలలకు మించి కొనసాగితే, ఆపై ప్రతి నెలకూ 1,000 రూపాయల చొప్పున లభిస్తుంది.

ఈ సాయానికి ఆదాయ పరిమితి లేదు. ప్రైవేటు వైద్యుల వద్ద చికిత్స పొందుతున్నవారు కూడా అర్హులే. అయితే రోగి వివరాలు నిక్షయ్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. క్షయ కేసులను ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి ప్రైవేటు వైద్యులకు కూడా తప్పనిసరి. అందువల్ల పేరు నమోదు చేయించారా అని వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవడం రోగికి మేలు చేస్తుంది. బ్యాంకు ఖాతా లేనివారు కనీస నిల్వ అవసరం లేని జన్‌ధన్ ఖాతాను తెరవవచ్చు.

పోషణకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి శాస్త్రీయ ఆధారం ఉంది. జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాలలో నిర్వహించిన ‘రేషన్స్’ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. చికిత్స తొలి రెండు నెలలలో బరువు 5 శాతం పెరిగిన రోగులలో మరణ ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. రోగుల కుటుంబ సభ్యులకు కూడా బియ్యం, పప్పు, విటమిన్లు అందించిన ఇళ్లలో కొత్తగా క్షయ సోకడం సుమారు 39 శాతం తగ్గింది.

నగదు సాయానికి తోడుగా ‘నిక్షయ్ మిత్ర’ కార్యక్రమం కూడా అమలులో ఉంది. 2022 సెప్టెంబరు 9న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రారంభించిన ప్రధానమంత్రి టీబీ ముక్త్ భారత్ అభియాన్‌లో ఇది భాగం. దీని కింద వ్యక్తులు, సంస్థలు రోగులను దత్తత తీసుకొని ఆహార పొట్లాలు అందజేస్తాయి. గుర్తించిన గిరిజన ప్రాంతాల రోగులకు ప్రయాణ ఖర్చుల కోసం ఒకసారి 750 రూపాయలు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది.

ఖాతా సంఖ్యలో పొరపాటు, ఆధార్ అనుసంధానంలో లోపం వంటి చిన్న కారణాలు కూడా చెల్లింపును ఆలస్యం చేయగలవు. పోషణ అత్యవసరమైన తొలి రెండు నెలలు గడిచాక అందే సొమ్ము ఆశించినంత ప్రయోజనం ఇవ్వదు. అందుకే చికిత్స మొదలైన రోజే ఖాతా వివరాలను సరిచూసుకోవడం అవసరం. సొమ్ము జమ కాని పక్షంలో ఆశా కార్యకర్తను గానీ, సమీప ఆరోగ్య కేంద్రాన్ని గానీ సంప్రదించవచ్చు. సాయం అందడంలో ఆలస్యమైనా మందులు మాత్రం ఒక్క రోజు కూడా ఆపకూడదు.