ఓరుగల్లు పేర్లు, మన ఊరి పేర్లు

ఓరుగల్లు అనగా ఒంటిరాయి. కోటలోని పెద్ద బండను బట్టి ఆ పేరు వచ్చెనని పెద్దలందురు. సంస్కృతమున దానినే ఏకశిలానగరమనిరి. 1323లో కోటను జయించిన ఉలుగ్‌ఖాన్ సుల్తాన్‌పూర్ అని పేరిడెను. పాలకులిడిన ఆ పేరు ప్రజల నోట నిలువలేదు.

పాలంపేటలోని రామప్ప గుడిని చూడుడు. 1213లో వెలసిన ఆ గుడి కదలలేదు. దాని జిల్లా మాత్రము 2016లో వరంగల్ నుండి భూపాలపల్లికి, 2019లో ములుగునకు మారినది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లాయైనది. కాకతీయుల తొలి రాజధాని పేరిట జిల్లా యేర్పడుట ముచ్చటయే గదా!

2018లో పెక్కు తండాలు వేరు పంచాయతీలైనవి. ఇది మేలైన మార్పు. అయితే తీర్మానములలో క్రొత్త పేరు వ్రాయునపుడు పాత పేరును గూడ వ్రాయించుడు. చెరువులకు, కుంటలకు, శివారులకు గల పాత పేర్లే పహాణీలలోను, దస్తావేజులలోను ఉండును. హద్దు తగవు వచ్చిన నాడు, పాత పేరు ఏ చోటిదో చెప్పగలవారు లేకున్న, చేతనున్న కాగితము కొరగాకుండ పోవును. నష్టపడునది పేదరైతే.

మీ ఊరిలో శాసనపు రాయి చావడి మెట్టుగనో, చాకిరేవు బండగనో పడియున్నచో, దానిపై రంగుగాని సున్నముగాని పూయనీయక, వెంటనే పురావస్తు శాఖకు తెలియజేయుడు.