ఇంటిబండికి కరెంటు ఎక్కడినుంచి?

ఇంటిబండి అనగానే షూటింగు జరిగేచోట సినిమావారికోసం నిలిపే పెద్ద కేరవాను చాలమందికి మనసులో మెదలుతుంది. మేము చెప్పబోయేది అది కాదు. పది పదిహేనేళ్ళు తిరిగిన టెంపో వేనునో, చిన్న బస్సునో కొని, వెనుక సీట్లు తీయించి, రెండు పడకలు, ఒక వంటగట్టు, ఒక నీళ్ళతొట్టి అమర్చుకొన్న బండి. చుట్టాలు కుప్పంలోనో పలమనేరులోనో ఉండి, ఇంట్లో వయసు మళ్ళినవారుండి, వారు రెండు గంటలకు మించి కూర్చోలేని కుటుంబాలకు ఇది మంచి ఏర్పాటే. మేమూ అందుకే కొన్నాము. కొన్న తరువాత మొదటి రాత్రే తెలిసినది, మేము ఇంజను చూచాము, టైర్లు చూచాము, తుప్పు చూచాము గాని కరెంటు సంగతి చూడనే లేదని.

మాది హోసూరు. బండి వచ్చిన వారంలోనే, మే నెలలో, కృష్ణగిరి ఆనకట్టకు దగ్గరలో ఎరిగినవారి మామిడితోటలో ఒక రాత్రి గడుపుదామని బయలుదేరాము. బండి అమ్మినాయన లోపల ఇన్వర్టరు పెట్టించి, దానికి ఇళ్ళలో వాడే చిన్న ఫ్రిజ్జు తగిలించి ఉన్నాడు. "అన్నీ ఉన్నవి, మీరు ఎక్కి కూర్చోవడమే" అన్నాడు. మా అమ్మగారికి మధుమేహం. ఆమె ఇన్సులిన్ సీసాలు ఆ ఫ్రిజ్జులో పెట్టాము. టేబులు ఫ్యాను వేసికొని పడుకొన్నాము. తెల్లవారుజామున ఏదో కీచుమని కూస్తూ ఉన్నది. తోటలో పురుగేదో అనుకొని అటు తిరిగి పడుకొన్నాము. అది పురుగు కాదు, ఇన్వర్టరు. బ్యాటరీ అడుగంటుతున్నదని మొరపెట్టుకొని, చివరకు తనంత తానే ఆగిపోయినది. లేచి చూస్తే ఫ్యాను లేదు, ఫ్రిజ్జు లేదు. తాళం తిప్పితే ఇంజను టక్కుమని ఊరుకొన్నది.

మందు సంగతి తలచుకొని కంగారు పడ్డాము. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. వాడుకలో ఉన్న సీసా మామూలు గది వేడిలో సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది గాని, మే నెల ఎండలో నిలిచిన ఇనుపబండి లోపలి వేడి గది వేడి కాదు. తోటవారు సీసాలను తమ ఇంటి ఫ్రిజ్జులో పెట్టి ఆదుకొన్నారు. కృష్ణగిరి నుంచి వచ్చిన మెకానిక్కు మంచం కింది చెక్క ఎత్తి చూచి నవ్వాడు. ఇంజను బ్యాటరీ, మంచం కింది బ్యాటరీ రెండూ ఒకే తీగతో కలిపి ఉన్నవి. మంచం కిందిది ముసలిది. అది తాను ఎండిపోవడమేగాక ముందుదానినీ పీల్చివేసినది. "బండిది బండికి, ఇంటిది ఇంటికి సార్. రెండూ కలిపితే రెండూ పోతాయి" అన్నాడు. ఆ ఒక్క మాటకు ముందే విలువ ఇచ్చి ఉంటే మాకు ఒక కొత్త బ్యాటరీ ఖర్చు మిగిలేది.

ఇంజను బ్యాటరీ పని వేరు. రెండు మూడు సెకండ్లపాటు వందల ఆంపియర్లు ఇచ్చి ఇంజనును లేపడానికి అందులో పలుచని పలకలు ఎక్కువగా పేర్చుతారు. దానిని రాత్రంతా కొద్దికొద్దిగా ఖాళీ చేస్తే ఆ పలకలు త్వరగా పాడవుతాయి. ఇంటి వాడుకకు దళసరి పలకల బ్యాటరీ కావాలి. రెంటికీ మధ్య, ఇంజను తిరిగేటప్పుడు మాత్రమే కలిపి ఆగగానే విడదీసే రిలే ఉండాలి. పాత బండి కొనేవారు బేరమాడకముందే ఈ రిలే ఉన్నదా అని అడగడం మంచిది. అమ్మేవాడు ఆ ప్రశ్నకు తడబడితే లేదనే అర్థం.

తరువాత మేము చేసిన పని కాగితం, పెన్సిలు పట్టడం. అసలు మొదట చేయవలసినది ఇదే. ఇంటి ఖర్చు రాసుకొన్నట్టే వాట్లను గంటలతో గుణించి రాసుకొన్నాము. ఇళ్ళ ఫ్రిజ్జు తీసివేసి 12 వోల్టుల మీదనే నడిచే చిన్న కంప్రెసరు ఫ్రిజ్జు పెట్టించాము. అది నడిచేటప్పుడు 45 వాట్లు తీసికొంటుంది. రోజులో సగం కాలం నడుస్తుందనుకొంటే 540. 24 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు, 192. మూడు చిన్న దీపాలు నాలుగు గంటలు, 60. ఫోన్లకు 40. నీళ్ళ పంపు పావుగంట, 15. మొత్తం సుమారు 850 వాట్‌-గంటలు. దానిని 12తో భాగిస్తే 70 ఆంపియర్‌-గంటలు. ఇదీ మా దినవెచ్చం. ఇందులో మూడింట రెండువంతులు ఫ్రిజ్జుకే పోతుంది. అమ్మగారి మందు ఉన్నది గనుక మేము దానిని మానలేము. ఆ అవసరం లేనివారు ఫ్రిజ్జు మానుకొని మంచుపెట్టె పెట్టుకొంటే, తక్కిన లెక్క అంతా ఎంత తేలికవుతుందో చూడండి.

ఏసీ సంగతి అడుగుతారని తెలుసు. ఒక టన్ను ఏసీ వెయ్యి వాట్లకు పైగా తాగుతుంది. ఇండక్షను పొయ్యి 2000 వాట్లయితే, 12 వోల్టుల బ్యాటరీనుంచి 170 ఆంపియర్లకు తగ్గకుండా లాగుతుంది. ఒక పూట చారు కాచుకొనేసరికి బ్యాటరీలో మంచి భాగం ఆవిరి! ఈ రెండూ గోడ ప్లగ్గు దొరికినచోట వాడుకొనేవే గాని బ్యాటరీ మీద నడిపేవి కావు.

ఇక బ్యాటరీ. మన ఇళ్ళన్నిటిలో ఇన్వర్టరుకు ట్యూబులారు బ్యాటరీ ఉంటుంది గనుక, దానినే దించి బండిలో పెడదామన్న ఆలోచన అందరికీ వస్తుంది. మాకూ వచ్చినది. 150 ఆంపియర్‌-గంటల సీసపు బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంటే 75. మా దినవెచ్చానికి సరిగ్గా సరిపోతుంది. కాని అది యాభై కిలోలకు పైగా బరువు. కదలకుండా ఒకచోట నిలిచేందుకు చేసినది. గతుకుల రోడ్డులో ఆమ్లం తొణుకుతుంది. పైగా చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజను వాయువు వదులుతుంది. మంచం కింద మూసిపెట్టిన పెట్టెలో ఆ వాయువు చేరడం ప్రమాదం. గాలి బయటికి పోయే దారి తప్పక ఉండాలి. మూతవేసిన జెల్ రకాలు ఈ విషయంలో మేలు.

లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం ఈమధ్య బాగా వాడుకలోకి వచ్చినది. 1990ల నడుమ అమెరికాలో గుడెనఫ్‌గారి పరిశోధన బృందంలో పుట్టిన రసాయనం ఇది. లిథియం బ్యాటరీలపై చేసిన కృషికి ఆయన 2019లో మరి ఇద్దరితోపాటు నోబెల్ బహుమానం అందుకొన్నారు. ఇందులో 100 ఆంపియర్‌-గంటల బ్యాటరీనుంచి 80 నిర్భయంగా తీయవచ్చు. బరువు పన్నెండు కిలోలకు అటూఇటూ. వెల ఎక్కువే, కాని సీసపుదానికి ఎన్నో రెట్లు మన్నుతుంది. గడ్డకట్టే చలిలో దీనిని చార్జి చేయరాదంటారు. హోసూరు చలికి ఆ బెంగ లేదు. మన శత్రువు వేడి. ఇంజను పక్కన, పైకప్పు కింద పెట్టకండి. మేము చివరకు దీనినే కొన్నాము.

ఖర్చు తెలిసినది, సంచి కుదిరినది. ఆదాయం ఎక్కడినుంచి?

మొదటిది బండి ఆల్టర్నేటరు. దీనిని మన మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అనే అంటారు. సీసపు బ్యాటరీకి రిలే చాలు గాని, లిథియం అలా కాదు. అది దాహంతో ఉన్న ఎద్దులాగా ఎంత ఇస్తే అంత తాగుతుంది. పాత ఆల్టర్నేటరు వేడెక్కి కాలిపోగలదు. అందుకని మధ్యలో ఇంత మాత్రమే అని కొలిచి పోసే డీసీ చార్జరు ఒకటి పెట్టాలి. మాది 30 ఆంపియర్లది. హోసూరునుంచి శూలగిరి మీదుగా కృష్ణగిరి చేరడానికి గంట పడుతుంది. ఆ గంటలో 25కు పైగా ఆంపియర్‌-గంటలు పెట్టెలో పడతాయి, అంటే దినవెచ్చంలో మూడోవంతు ఊరికే వచ్చినట్టు.

రెండవది ఎండ. 200 వాట్ల సోలారు పలక పైకప్పు మీద పరచి పెడితే మంచిరోజున 600 వాట్‌-గంటల దాకా ఇస్తుంది. పలక మీద రాసిన అంకె చల్లని పలకకు. 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకి శక్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది, పైకప్పు మీద అది 60 డిగ్రీలకు కాగుతుంది. జూన్ తరువాత మబ్బు పట్టినప్పుడు మూడోవంతు వస్తే మేలే. మాకు ఎదురైన చిక్కు వేరు. మనుషులకు మామిడిచెట్టు నీడ కావాలి, పలకకు ఎండ కావాలి. పలకలో ఒక మూల కొమ్మ నీడ పడినా రాబడి సగానికి పడిపోవచ్చు. మధ్యాహ్నం బండిని ఎండలో వదలి మేము చెట్టు కింద చాప వేసికొంటాము. సాయంత్రానికి బండి లోపల కుంపటి. తలుపులన్నీ తెరచి ఒక గంట ఆరబెట్టవలసినదే.

మూడవది గోడ ప్లగ్గు. చుట్టాల ఇంటి ముందరో, లాడ్జి ఆవరణలోనో తీగ లాగి తగిలించడం. రాత్రంతా నెమ్మదిగా చార్జి చేయడానికి ఇంతకు మించినది లేదు. కాని ప్రాణం మీదికి వచ్చేది కూడ ఇక్కడనే, కనుక ఈ మాట శ్రద్ధగా చదవ కోరుతాము. బండి రబ్బరు టైర్ల మీద నిలిచి ఉంటుంది. లోపల 230 వోల్టుల తీగ ఎక్కడో ఒరుసుకొని ఇనుప ఒంటికి తగిలితే, కరెంటు భూమిలోకి పోయే దారి లేక బండి ఒళ్ళంతా నిండి ఊరుకొంటుంది. ఫ్యూజు పోదు, దీపం ఆరదు, లోపల ఉన్నవారికి ఏమీ తెలియదు. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలిచి తలుపు పిడి పట్టుకొన్న మనిషే దానికి దారి అవుతాడు. పాత బండ్లలో ఇది ఊహ కాదు. రెండు పనులు తప్పనిసరి. లోపలికి వచ్చే ఎర్తు తీగను బండి ఇనుపచట్రానికి గట్టిగా బిగించాలి. తీగ బండిలోకి వచ్చిన చోటనే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాలి. ప్లగ్గులో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నదని నమ్మరాదు. పరీక్షించే చిన్న మూడు దీపాల ప్లగ్గు దొరుకుతుంది, అది చూపించిన తరువాతే తగిలించాలి. చుట్టాలు ఏమనుకొంటారో అని మొదట మొహమాటపడ్డాము. ఇప్పుడు పడటం లేదు.

నాలుగవది జనరేటరు. మేము కొనలేదు, కొనమని చెప్పలేము. మోత ఒక తప్పు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. బండి కిందనో కిటికీ పక్కనో నడిపితే నిద్రలోనే మనుషులు పోతారు.

ఏడాదికి నాలుగుసార్లే కదిలేవారికి ఇదంతా ఎందుకన్న మాట కూడ న్యాయమే. బ్యాటరీ, ఇన్వర్టరు, చార్జరు ఒకే డబ్బాలో అమర్చినవి వస్తున్నవి. వెయ్యి వాట్‌-గంటలది ఇంట్లో నింపుకొని పోతే ఒక రాత్రి గడుస్తుంది. బండి తీగలను ముట్టనక్కరలేదు. మొదటిసారి కొన్నవారు ఒక వేసవి దీనితో గడిపి, తమ ఖర్చు తెలిసికొని, ఆ తరువాత తక్కినవి చేయించుకోవడం తెలివైన పని. మాకు ఆ బుద్ధి అప్పుడు లేదు.

తీగల లావు గురించి ఒక మాట. 1902లో శివసముద్రంలో కావేరి నీటితో తీసిన కరెంటును దాదాపు 147 కిలోమీటర్లు మోసి కోలారు బంగారు గనులకు చేర్చారు. మన పాఠకులలో కొందరి తాతలు ఆ గనులలో పనిచేసినవారై ఉండవచ్చు. అంతదూరం సన్నని తీగల మీద రావడానికి కారణం వేల వోల్టుల ఒత్తిడి. ఒత్తిడి ఎక్కువైతే అదే శక్తికి ప్రవాహం తక్కువ చాలు. మన బండిలో అది తలకిందులు. 240 వాట్లకు ఇంటి కరెంటులో ఒక ఆంపియరు చాలు. 12 వోల్టులలో 20 కావాలి. నాలుగు మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరు వేస్తే పోను రాను ఒక వోల్టుకు పైగా దారిలోనే మిగిలిపోతుంది. ఫ్రిజ్జుకు 11 వోల్టులు కూడ అందక అది మొండికేస్తుంది. 10 చదరపు మిల్లీమీటర్ల తీగకు నష్టం 0.3 వోల్టు లోపే. మా బండిలో అన్నీ ఇంటి వైర్లే ఉన్నవి, ఒకచోట టేపు కింద కరిగి నల్లబడి ఉన్నది. ఫ్యూజు అన్నది బ్యాటరీనుంచి జానెడు దూరంలోపల ఉండాలి. అది కాపాడేది ఫ్యానునో దీపాన్నో కాదు, తీగను.

ఆర్.టీ.ఓ. సంగతి మరువకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. సీట్లు తీసిన బండి కొనేటప్పుడు పత్రంలో ఆ మార్పు ఎక్కినదా అని చూచుకోవాలి.

మొన్న తిరిగి అదే తోటకు పోయి రెండు రాత్రులున్నాము. తలుపు పక్కన చిన్న మీటరు పెట్టించాము, పెట్టెలో ఎంత మిగిలినదో శాతంలో చూపుతుంది. మా అమ్మగారు దానిని తన కాపలా కింద పెట్టుకొన్నారు. రాత్రి రెండు గంటలకు లేచి కళ్ళద్దాలు పెట్టుకొని చూచి, "నలభై ఉన్నది, ఫ్యాను ఉండనీ" అని మళ్ళీ పడుకొన్నారు.