దూరపు తరగతి గది

మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు చేరువగా, కామారెడ్డి జిల్లాలో నున్న ఊరు బిచ్కుంద. అచట ప్రభుత్వ డిగ్రీ కళాశాల కలదు. దానికి ఆధారమైన తెలంగాణ విశ్వవిద్యాలయము డిచ్‌పల్లిలో నున్నది. హైదరాబాదులోని పెద్ద గ్రంథాలయములు నూట యేబది కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నవి. ఇట్టి ఊళ్ల విద్యార్థికి ఉన్నత విద్యలో మొదటి చిక్కు దూరమే.

ఈ దూరమును తగ్గించుటకై 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. భారతదేశమున నట్టివానిలో నదియే మొదటిది. ఆచార్య జి. రాంరెడ్డి దాని తొలి ఉపకులపతి. నేడది డాక్టరు బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నున్నది. అచ్చు పాఠములకు తోడు రేడియో పాఠములును ఇంటికి వచ్చుటచే ఉద్యోగులకును, గృహిణులకును పట్టభద్రులగు దారి యేర్పడినది. అయితే రేడియో చెప్పును గాని వినదు. అర్థము కానిచోట చేయెత్తుటకు వీలు లేదు.

ఆ కొరతను తీర్చుటకు ఉపగ్రహము తోడ్పడినది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి విద్య కొరకే ఎడ్యుశాట్ ఎగిరినది. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున అది భూమితోపాటు తిరుగుచుండెను. కావున క్రిందివారికి కదలనట్లే యుండెను; గిన్నె వంటి యాంటెన్నాను ఒకే దిక్కునకు నిలిపిన చాలును. తగిన పరికరములున్న తరగతినుండి విద్యార్థి గురువును ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న మింటికెక్కి దిగుటకు సెకనులో నాలుగవ వంతు పట్టును. ఎదుటనున్న గురువును అడుగుటకు కొందరు విద్యార్థులు ఇంతకంటె చాలసేపు జంకుదురు!

2020లో కరోనా వ్యాధిచే కళాశాలలు మూతపడగా పాఠములు సెల్‌ఫోనులోనికి వచ్చినవి. అప్పుడు దూరము వేరు రూపమున ఎదురైనది. ఒకే ఫోనును అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు పంచుకొనవలసి వచ్చిన ఇండ్లు గలవు. సిగ్నలు కొరకు మిద్దె లెక్కినవారు గలరు. పాఠము నడుమ తెగినచో తిరిగి కలియునప్పటికి గురువు ముందునకు సాగిపోయెడివాడు.

ఇంతకును విద్యార్థి కోరునదేమి? అమెరికాలో ఎడ్యుకాజ్ అను సంస్థ 2004 నుండి పలు సంవత్సరములు కళాశాల విద్యార్థులను ఈ విషయమున ప్రశ్నించినది. యంత్రమే సర్వము కావలెనని కోరినవారు కొద్దిమందియే. మితముగా నుపయోగింపవలెనని పెక్కుమంది పలికిరి. మన విద్యార్థి కోరికయు దీనికి దూరము కాదు. తెలుగు మాధ్యమమున చదివివచ్చినవానికి మాత్రము మరియొక కోరిక కలదు: ఆ పాఠము తనకు తెలిసిన భాషలో నుండవలెను. వానికి అన్నిటికంటె అక్కరకు వచ్చునది నిలువచేసిన పాఠము. పగలు పొలమునకు పోయినను రాత్రి దానిని వినవచ్చును. తెలియని వాక్యమును నాలుగుమారులు త్రిప్పి వినవచ్చును. అప్పటికిని మిగిలిన సందేహమును కాగితముపై వ్రాసుకొని, ఉదయమున కళాశాలకు తీసికొని పోవును.