స్నానము చేయించు చేతికి తెలియవలసినది

వృద్ధులను పరీక్షించుటకు వచ్చిన వైద్యుడు నాడి పట్టును, రక్తపుపోటు కొలుచును, స్టెతస్కోపు పెట్టి ఛాతీ వినును. దుప్పటి కప్పుకొని పరుండిన యా మనిషి పాదములను తెరచి, వ్రేళ్ళ సందులు విప్పి చూచుటకు మాత్రము ఆయనకు తీరిక చిక్కుట అరుదు. దినదినమును ఆ పాదములను చూడగలవారు వేరే యున్నారు. ఆసుపత్రిలో ఒడలు తుడిచి బట్టలు మార్చు నర్సమ్మయు, వృద్ధాశ్రమమున నీళ్ళు పోయు ఆయమ్మయు, నగరములలో ఏజెన్సీల ద్వారా ఇంటికి వచ్చి రేయింబవళ్ళు కనిపెట్టుకొని యుండు కేర్‌టేకరును ఎంత తెలిసినవారైన ముసలివారి కాళ్ళు అంత క్షేమముగా నుండును. ఈ తెలివిడి గొప్ప చదువులు చదివినగాని అబ్బనిది కాదు. అయినను దానిని వారికి శ్రద్ధగా కూర్చుండబెట్టి నేర్పువారు మనలో బహు తక్కువ.

ఒక్కొక్క పాదమున 26 ఎముకలున్నవి. ఒడలి భారమును మోయుటకు మడమక్రింద నుండు మెత్తని క్రొవ్వుపొర వార్ధక్యమున పలుచబడును. చెమటయు జిడ్డును తగ్గి చర్మమెండి మడమలు పగులును. నెత్తురు పాదాగ్రమునకు చాలినంత చేరకపోవుటవలన చిన్న గాయమైనను మానుటకు చాలకాలము పట్టును. గోళ్ళు దళసరియై, పసుపువన్నెకు తిరిగి, కొందరికి పొట్టేలి కొమ్మువలె వంకరపోయి ప్రక్కవ్రేలి కండలోనికి దిగును. తామే చూచుకొందమన్న నడుము వంగదు, చూపు ఆనదు, చేయి నిలువదు. ఎనుబది యేండ్ల పెద్దాయనను తన అరికాలు తాను చూచుకొని ఎంతకాలమైనదని అడుగుడు. జ్ఞాపకము లేదనియే పలువురు చెప్పుదురు.

కాలినొప్పితో అడుగు తడబడినవారు పడుదురు. ఆ వయస్సున పడినవారికి తుంటి విరుగుట సాధారణము. తుంటి విరిగినవారిలో అనేకులు మరల మునుపటివలె నడువజాలరు. కాన పాదసంరక్షణ యనునది పైపై శుభ్రతకు సంబంధించిన సంగతి కాదు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున కాళ్ళనొప్పితో బాధపడు 305 మంది వృద్ధులను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమువారికి వాడుకగా జరుగు పాదచికిత్సతోపాటు పాదమునకును చీలమండకును వ్యాయామములు నేర్పి, పాదరక్షలలో వేసికొనుటకు మెత్తలిచ్చి, ఎట్టి జోళ్ళు తొడుగవలయునో చెప్పి, ఒక సంవత్సరము గమనించిరి. వీరు పడుట రెండవ వర్గమువారికంటె 36 శాతము తగ్గినట్లు 2011లో ప్రకటింపబడిన ఆ పరిశోధనలో తేలినది. ఫిన్లాండునందలి తుర్కూ విశ్వవిద్యాలయమున మిన్నా స్టోల్ట్ మొదలగు నర్సింగు పరిశోధకులు ఇంకొక యడుగు ముందుకు వేసి, వృద్ధులకు సేవచేయు నర్సులకు పాదముల గూర్చి ఎంత తెలియునో ప్రశ్నలు పెట్టి కొలుచుటయు, నేర్పినచో ఆ తెలివి పెరుగునా యని పరీక్షించుటయు తమ పనిగా పెట్టుకొనిరి. పాదవైద్యమునకే ప్రత్యేకముగా శిక్షణ పొందినవారు గల ఆ దేశముననే ఈ చింత యవసరమైనప్పుడు, అట్టి నిపుణులు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతగా నున్న మన దేశమున నర్సమ్మ చేతిపై పడు బరువెంతటిదో ఊహింపవచ్చును.

స్పర్శ నశించిన పాదము సంగతి వేరుగా చెప్పవలసియున్నది. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు, కుష్ఠురోగుల వ్రేళ్ళు రోగముచేతనే కుళ్ళి రాలిపోవునని లోకమంతయు నమ్ముచున్న కాలమున, నొప్పి తెలియకపోవుటచే తగిలిన దెబ్బలును కాలిన గాయములును కట్టులేక ముదిరి అట్టి వికారమునకు దారితీయుచున్నవని గ్రహించెను. తరువాత అమెరికాలోని కార్‌విల్ ఆసుపత్రిలో పనిచేయుచు, ఈ జ్ఞానమునే ఆయన మధుమేహరోగుల పాదములకు అన్వయించెను. భారతదేశమున 10 కోట్లమందికి పైగా మధుమేహమున్నదని భారత వైద్య పరిశోధన మండలివారి సర్వే 2023లో వెల్లడించినది. ఏండ్ల తరబడి షుగరున్నవారిలో చాలమందికి అరికాళ్ళు ముందు మంటలెత్తి, పిదప తిమ్మిరెక్కి, తుదకు ఏమియు తెలియని స్థితికి వచ్చును.

దీనిని కనుగొనుటకు ఆసుపత్రులలో 10 గ్రాముల ఒత్తిడికి వంగు నైలాను పోగును వాడుదురు. అది లేనిచోట ఇంగ్లండునందలి ఇప్స్విచ్ పట్టణపు వైద్యులు 2011లో ప్రకటించిన పద్ధతి యున్నది. దీనికి చూపుడువ్రేలు తప్ప మరేమియు నక్కరలేదు. పెద్దవారిని కన్నులు మూసికొమ్మని చెప్పి, తాకినట్లు తెలిసినప్పుడు కుడియో ఎడమయో పలుకుమని, రెండు పాదములందును బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు వీని కొనలను ఒక్కొక్క పర్యాయము, ఒకటి రెండు క్షణములు మెల్లగా తాకవలెను. నొక్కరాదు, తట్టరాదు, తెలియలేదన్నచోట మరల తాకరాదు. ఆరింటిలో రెండుగాని అంతకుమించిగాని తెలియనిచో స్పర్శ తగ్గినదని వైద్యునికి చెప్పవలెను. పదవ తరగతి దాటని ఆయమ్మకైనను ఒక్క పూటలో వచ్చు విద్య ఇది.

పుస్తకములలో కానరాని సంగతులు కొన్ని మన ఇండ్లలో నున్నవి. శుక్రవారము తలంటుకొని కాళ్ళకు పసుపు రాచుకొను పెద్దమ్మల పాదములపై ఎఱ్ఱదనము తెలియదు. పసుపు రాయకముందే, వెలుతురున, చర్మము రంగు చూడవలెను. మెట్టెలు అంతకంటె మఱుగైన చోటు. సాయంత్రమునకు పాదములు వాచు ముత్తైదువకు, పెండ్లినాడు వదులుగా నుండిన వెండి మెట్టె రెండవ వ్రేలి కండలోనికి దిగబడును. దాని క్రింద సబ్బునురగయు తడియు నిలిచి, చర్మము తెల్లగా నాని, వాసనవేయ నారంభించును. నర్సు దానిని మెల్లగా జరిపి, అడుగున కడిగి, పలుచని గుడ్డతో తడి ఒత్తి, మరల యథాస్థానమున నుంచవలెను. కదలనంతగా బిగిసినప్పుడు బలిమిని లాగిన చర్మము చీలును. దానిని వైద్యుడో కంసాలియో కత్తిరించి తీయవలెను. తీయుటకు ఆమె మనస్సొప్పదు. మెట్టె తీసిన కీడు జరుగునని భయపడు పెద్దమ్మను కసరుట తగదు. ఆమె కోడలిచేతనో ఆడబిడ్డచేతనో నచ్చజెప్పించి, పుండు మానినపిదప వదులైనది తొడిగింతుమని మాట యిచ్చుట మంచిది.

ఎండకాలమున గుడి ప్రాకారపు రాతిబండలపై వట్టికాళ్ళతో చేయు ప్రదక్షిణమును, కాళ్ళు లాగుచున్నవని పెట్టు వేడినీళ్ళ కాపడమును, స్పర్శలేని పాదములను వృద్ధులకు తెలియకుండగనే పొక్కులెక్కించును. ప్రదక్షిణము ప్రాతఃకాలమున చేయింపవచ్చును. నీళ్ళ వేడిమిని చూచుకొను మనిషి మోచేతితో చూడవలెను, వృద్ధుని పాదముతో కాదు.

కడుగు విధమిట్లు: గోరువెచ్చని నీటితో త్వరగా కడిగి, చాలసేపు నాననీయక, ప్రతి వ్రేలిసందును గుడ్డతో ఒత్తి తుడువవలెను. ఎండిన మడమలకు కొబ్బరినూనెయో వాజలీనో రాయవచ్చును గాని వ్రేళ్ళ నడుమ రాయరాదు. గోళ్ళను తిన్నగా కత్తిరింపవలెను. మూలలు త్రవ్వినచో గోరు కండలో దిగి చీము పట్టును. ఆనెలను బ్లేడుతో చెక్కుటయు, అంగడిలో కొన్న మందు పట్టీలను షుగరువారికి అంటించుటయు ప్రమాదకరములు. మంచము దిగలేనివారికి పిక్కల క్రింద నిలువునా దిండు పెట్టి మడమలు పరుపునకు తగులకుండ తేల్చినచో, అచ్చట పడకపుండు పడకుండ కాపాడవచ్చును.

మూడేండ్ల జి.ఎన్.ఎం. చదువు చదివిన నర్సుకైనను ఈ సంగతులు పాఠములలో ఒక మూల వచ్చిపోవును. ఏజెన్సీలు పంపు కేర్‌టేకర్లలో పలువురకు ఆపాటి శిక్షణయు లేదు. ప్రతి వృద్ధాశ్రమమున మాత్రలకును మలమూత్రములకును ఉన్నట్లు, రిజిస్టరులో కాళ్ళకొక గడి యుండుట ముఖ్యమని నా యభిప్రాయము. వ్రాయుట యలవాటైనచోట చూచుటయు అలవాటగును. అమెరికాలోనో దుబాయిలోనో ఉండి రాత్రిపూట వీడియో కాలు చేయు కొడుకులు కూతుళ్ళు భోజనమైనదా, మాత్రలు వేసినారా యని అడుగుదురు. వారమునకొకసారి అరికాళ్ళు కూడ చూపుమని కేర్‌టేకరును అడుగవలెను.

ఆమె చెప్పినది వినువారును ఉండవలెను. "అమ్మా, పెద్దమ్మగారి కాలు చల్లగా తగులుతోందమ్మా, చిటికెనవేలు నల్లబడింది" అని ఆయమ్మ వచ్చి చెప్పినప్పుడు, నొప్పి లేదు గదా, రేపు చూతము లెమ్మనుట కూడదు. స్పర్శపోయిన పాదమునకు నొప్పి లేకపోవుట ధైర్యము చెప్పుకొనదగినది కాదు. వ్రేలు నల్లబడుటయు, కాలు చల్లబడుటయు నెత్తురు అందుట లేదనుటకు గుర్తులు. వాపుతో ఎఱ్ఱబడి వేడిగా నున్నను, పుండునుండి చీముగాని చెడువాసనగాని వచ్చుచున్నను, ఆ దినముననే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.