వాకిట్లో నాలుగు బండలు తీయించాం!

కుళాయి తిప్పగానే నీళ్లు వస్తుంటే అవి ఎక్కణ్ణించి వస్తున్నాయో మనం ఆలోచించం. నేనూ అంతే. కానీ రెండేళ్ల కింద, అరగంటలో నిండే ట్యాంకు రెండు గంటలైనా నిండకపోయేసరికి గుబులు పట్టుకుంది.

మాది తాండూరు. పెరట్లోని చేదబావిని బోరు వేశాక పూడ్చేశారు. ఇప్పుడా బోరే ఎండిపోయేలా ఉంది. "నీ గాజులు కుదువపెట్టి ఇంకో బోరు వేద్దాం" అన్నారు మావారు. నాకు మనసొప్పలేదు. వికారాబాద్ దగ్గర మా పుట్టింటివాళ్లు అలాగే అప్పు చేసి పొలంలో మూడు బోర్లు వేస్తే, రెండింట్లో దుమ్మే వచ్చింది.

మన వైపు నేల కింద ఉన్నది రాయి. నీళ్లు ఆ రాళ్ల పగుళ్లలోనే నిలుస్తాయి. బాగా లోతుకు పోతే పగుళ్లే తగ్గిపోతాయి. గాదెలో గింజలు లేకపోతే చేట మార్చి ఏం లాభం?

మూసీ పుట్టింది మన అనంతగిరి కొండల్లోనే. తాండూరు పక్కనే కాగ్నా ఉంది. అయినా వేసవి వస్తే కటకటే. వానలు పడటం లేదా అంటే, పడుతున్నాయి. కానీ భూమి వేడెక్కేకొద్దీ వాన తీరు మారుతోంది. ముసురు పట్టి కురిస్తే నీళ్లు నేలలోకి ఇంకుతాయి. ఒక్క పూటలో కుమ్మరిస్తే కాలువల పాలవుతాయి. పైగా ఎండలు ముదిరితే మనం ఇంకా ఎక్కువ తోడతాం.

ఇది మన ఒక్క ఊరి బాధ కాదు. ప్రపంచంలో ఇళ్లల్లో వాడే నీళ్లలో దాదాపు సగం భూమిలోంచి తోడినవే. అందరికంటే ఎక్కువ తోడేది మన దేశం. అందులో నూటికి 85 వంతులకు పైగా పంటలకే పోతుంది. 40కి పైగా దేశాల్లో సుమారు లక్షా 70 వేల బావుల లెక్కలు చూసిన శాస్త్రజ్ఞులు, చాలాచోట్ల నీటిమట్టం మునుపటికన్నా వేగంగా పడిపోతోందని 2024లో చెప్పారు. మెక్సికో నగరంలో తోడి తోడి నేలే కుంగింది. బ్యాంకాక్‌లో మాత్రం తోడకాన్ని అదుపు చేశాక నీళ్లు మళ్లీ పైకొచ్చాయి. చేయి బిగబడితే ఫలితం ఉంటుందన్నమాట!

మరి మనమేం చేయాలి? మా వాకిలంతా తాండూరు బండలే. కడుక్కోవడానికి హాయి, కానీ చుక్క నీరు కిందకి దిగదు. అందుకే నాలుగు బండలు తీయించి, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు ఇంకుడు గుంత తవ్వించాం. అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, పైన ఇసుక. డాబా పైపు అందులోకి తిప్పాం. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 900 లీటర్ల నీళ్లు!

గుంత సెప్టిక్ ట్యాంకుకి దూరంగా ఉండాలి. సబ్బు నీళ్లు అందులోకి పోనివ్వకండి. ఏటా వానలకు ముందు పైన పేరుకున్న మట్టి తీసేయండి.

వంటింట్లోనూ ఒక మాట. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన మన తాండూరు కంది ఎక్కువగా వాన మీదే పండుతుంది. వరికి కావలసినన్ని నీళ్లు దానికక్కర్లేదు, జొన్నకీ అంతే. వారంలో రెండు రాత్రులు అన్నం బదులు జొన్నరొట్టె, పప్పు చేసి చూడండి.

మా ఒక్క గుంతతో బోరు నిండిపోయిందని చెప్పను. వీధిలో ఇంకో ముగ్గురు తవ్వించారు, మిగతావాళ్లని అడుగుతున్నాం. గాజులు మాత్రం నా చేతికే ఉన్నాయి. వానలు రాకముందే మీ వాకిట్లో ఏ మూల గుంత పడుతుందో చూసుకోండి మరి!