చేపలు ఇల్లు మారితే

పిల్లలూ! ఇల్లు మారేటప్పుడు మనం ఏం చేస్తాం? సామాను మూటలు కడతాం, లారీకెక్కిస్తాం, కొత్త ఇంట్లో పాలు పొంగిస్తాం. కాని ఇంట్లో నాలుగడుగుల చేపల తొట్టి కూడా వున్నదనుకోండి. దాన్ని ఎలా తీసుకుపోవాలి?

ముందు ఒక లెక్క వేద్దాం. తొట్టి పొడవు నాలుగడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర. అంటే 9 ఘనపుటడుగులు. అందులో సుమారు 255 లీటర్ల నీరు పడుతుంది. లీటరు నీటి బరువు ఒక కిలో. అంటే ఆ నీరు ఒక్కటే పాతిక కిలోల బియ్యం బస్తాలు పదింటి బరువు! గాజు, గులకరాళ్ళ బరువు వేరే. నీళ్ళతో ఎత్తితే గాజుపలకల అతుకులు ఊడిపోతాయి. అడుగున రాళ్ళు మిగిల్చి ఎత్తినా పలక పగలవచ్చు. కనుక తొట్టిని పూర్తిగా ఖాళీ చేయవలసిందే.

“అయితే తొట్టిని శుభ్రంగా తోమి, కొత్త ఇంట్లో కొత్త నీళ్ళు పోస్తే సరి!” అంటారేమో. అలా చేస్తే చేపలు మొదటిరోజు బాగానే తిరుగుతాయి. కొన్ని రోజులయ్యేసరికి నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. కొన్ని చచ్చిపోతాయి కూడా. నీరు మాత్రం తళతళ మెరుస్తూనే వుంటుంది. మరి చేపలను చంపినదెవరు?

చేపలు తమ మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతూ వుంటాయి. అది వాటికే విషం. నదిలోనైతే అది ప్రవాహంలో కొట్టుకుపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? అక్కడ మన కంటికి కనిపించని పాకీపనివాళ్ళున్నారు. వారే సూక్ష్మజీవులు. ఒక జాతి అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటూ విషమే. రెండో జాతి దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. ఇది కొద్దిగా వుంటే చేపలకు హాని లేదు. 1890 ప్రాంతంలో సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు ఈ సూక్ష్మజీవుల గుట్టు బయటపెట్టాడు.

ఇవి నీటిలో ఎక్కువగా వుండవు. వడపోత స్పంజికీ, గులకరాళ్ళకీ అంటుకుని వుంటాయి. తొట్టిని తోమి, స్పంజిని కుళాయి కింద పిండితే ఏమవుతుంది? కుళాయి నీటిలోని క్లోరిను వీటిని చంపుతుంది. ఎండలో ఆరబెట్టినా చస్తాయి. మళ్ళీ పుట్టి పెరగడానికి వారాలు పడుతుంది.

మీ అమ్మ పాలు తోడుపెట్టడం చూశారు కదా? నిన్నటి పెరుగు చెంచాడు వుంటేనే నేటి పాలు తోడుకుంటాయి. పాత స్పంజి కొత్త ఇంటి తొట్టికి అటువంటి తోడు! కనుక దాన్ని కడగవద్దు. తొట్టి నీళ్ళతోనే బక్కెట్లో వుంచి తీసుకువెళ్ళండి. ఆ సూక్ష్మజీవులకూ ప్రాణవాయువు కావాలి గనుక మూత బిగించకండి. గులకరాళ్ళను కూడా తడిగానే వుంచండి.

ఇక చేపల ప్రయాణం. ముందురోజు వాటికి మేత వేయకండి. ఆరోగ్యంగా వున్న చేప ఒక రోజు పస్తుంటే ఏమీ కాదు. సంచిలో నీరు మురికి కాదు. విద్యుత్తు పరికరాల స్విచ్చి పెద్దవాళ్ళచేత ఆపించి, ఆ తరవాతనే నీటిలో చెయ్యిపెట్టండి. ప్లాస్టిక్ సంచిలో మూడోవంతు నీరు, మిగతా రెండువంతులు గాలి వుండాలి. అంత గాలి ఎందుకంటారా? 25 డిగ్రీల వేడిమిలో లీటరు నీటిలో కరిగి వుండే ప్రాణవాయువు సుమారు 8 మిల్లీగ్రాములే. లీటరు గాలిలోనో, దాదాపు 270 మిల్లీగ్రాములు! సంచిలో నీరు ఎక్కువైతే చేపకు ఊపిరి తక్కువవుతుంది. సంచుల మీద గుడ్డ కప్పండి. చీకట్లో చేపలు బెదరవు.

పాత ఇంట్లో చివరగా విప్పవలసినదీ, కొత్త ఇంట్లో మొదట అమర్చవలసినదీ ఈ తొట్టే. బరువు మోయగల బల్లమీద, ఎండ తగలని చోట పెట్టించండి. పాత నీరు సగమైనా డబ్బాలలో తెచ్చుకుంటే చేపలకు మార్పు అంతగా తెలియదు. కొత్త నీటిలోని క్లోరినును విరగ్గొట్టడానికి చేపలు అమ్మే దుకాణంలో మందు దొరుకుతుంది. ఆ మందులు చాలావాటిలో వుండేది సోడియం థయోసల్ఫేటు. పూర్వం ఫోటోలు కడిగేవారు దీన్నే “హైపో” అనేవారు. స్పంజిని దాని చోట పెట్టి, మోటారు నడిపించండి.

చేపలను వెంటనే వదలకండి. సంచులను పావుగంట, ఇరవై నిమిషాలు నీటిమీద తేలనివ్వండి. రెండు నీళ్ళ వేడి సమానమయ్యాక తొట్టి నీటిని గ్లాసుడు గ్లాసుడు సంచిలో పోస్తూ, తరవాత చేపలను వదలండి.

ఆ రోజు మేత వద్దు. మరి రెండు వారాలపాటు మేత కొంచెం కొంచెంగానే వేయండి. దుకాణంలో దొరికే పరీక్ష మందుతో రోజూ అమ్మోనియా చూడండి. కనిపిస్తే, క్లోరిను తీసిన నీటితో పావువంతు నీరు మార్చండి. రెండు వారాలైనా అమ్మోనియా జాడ లేకపోతే, మీ చేపలతోపాటు వాటి పాకీపనివాళ్ళు కూడా క్షేమంగా కొత్త ఇంటికి చేరినట్టే!