చేప నోరు తెరిస్తే ఆకలి కాదు

గల్ఫ్‌లో ఇంటిపని చేసే మన అక్కచెల్లెళ్లలో కొందరికి వంటతోపాటు గోల్డ్‌ఫిష్ తొట్టి బాధ్యత కూడా ఉంటుంది. చేప చస్తే మాట పడేదీ వాళ్లే.

చేప పైకొచ్చి అదేపనిగా నోరు తెరుస్తుంటే మేత వేయకండి. దానికి ఆక్సిజన్ చాలడం లేదేమో చూడండి. ఇది చల్లనీటి చేప, 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది. వేసవిలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు నేరుగా పోయొద్దు. బకెట్లో పట్టి ఏసీ గదిలో చల్లారనిచ్చి, క్లోరిన్ పోగొట్టే మందు కలపండి. ఒకసారికి నాలుగోవంతు నీళ్లే మార్చండి.

రెక్కలు ముడిచి అడుగున పడుంటే మిగిలిన మేత కుళ్లి నీళ్లు పాడై ఉండొచ్చు. తలకిందులుగా తేలితే ఒకరోజు మేత ఆపి, ఉడికించి తొక్క తీసిన బఠాణీ కొంచెం వేసి చూడండి.

తీరు మారిన రోజే మేడమ్‌కి చూపించండి. చచ్చాక చెబితే వినేవారుండరు.